కార్డుకెక్కని చప్పుడు

సోమవారం పొద్దున పది గంటలకు క్రేన్ ఆ బండిని కామారెడ్డి వర్క్‌షాపు గేటు ముందు దించింది. ముందు చక్రాలు రెండూ చెరో దిక్కు చూస్తున్నాయి.

పెద్ద మెకానిక్ ఖయ్యూం నంబరు చూడలేదు. వెనక అద్దం మీద ఎర్ర రంగుతో 'జై సేవాలాల్' అని రాసి ఉన్న ఏడు సీట్ల తెల్ల కిన్నెర బండి, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఒక్కటే ఉంది. అది ఆ రోడ్డు మీద సవారీలు నడిపే దేవీసింగ్ బండి.

"మనిషెట్లున్నడు?" అని క్రేన్ వెంట వచ్చిన హెడ్ కానిస్టేబుల్‌ని అడిగాడు.

"డ్రైవర్‌కేం కాలె. ముందు సీట్ల కూసున్నామెకు తొడ బొక్క రెండు తావుల ఇరిగింది. లింగంపేట గంగామణి, బీడీలు చేస్తది. నిన్న సాయంత్రం మలుపు కాడ తిప్పకుంట సక్కగ పోయి మోరీ గోడకు కొట్టిండు. తాగిండని ఊరోళ్లంటున్నరు."

"బండెక్కితే తాగడు దేవీసింగ్."

"గది నువ్వంటే అయితదా? గురువారం వెహికిల్ ఇన్‌స్పెక్టర్ సారు ఎల్లారెడ్డి ఠాణాకు వస్తడు. తప్పు బండిదా, మనిషిదా? మీ కంపెనీ కాగితం చూసి రాస్తడు. మనిషిదని రాస్తే లైసెన్సు పాయె, జైలు గూడ. ఈడ సంతకం పెట్టు."

ఖయ్యూం పాత గుడ్డతో చేతులు తుడుచుకుని సంతకం పెట్టాడు. రంజాన్ నెల, ఉపవాసం. నాలుక అప్పటికే పిడచకట్టుకుపోతోంది. బండిని జాకీ మీద లేపించి, లైటు పట్టుకుని కిందికి దూరాడు.

ఎక్కువసేపు వెతకక్కర్లేకపోయింది. స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగేటట్టు పట్టుకునే రాడ్డు ఎడమ వైపు వేలాడుతోంది. రాడ్డు చివర గోలీకాయంత ఉక్కు గుండు ఉంటుంది. అది చిన్న గిన్నెలాంటి కప్పులో ఇరుక్కుని తిరగాలి. ఇప్పుడది ఊడి బయటికి వచ్చేసింది. కప్పు అంచు అరిగి కాగితంలా పలచబడింది.

కప్పులోకి చూపుడు వేలు పెట్టి తడిమాడు. గ్రీజు కింద ఒక పలచని రేకు బిళ్ల తగిలింది. దాని కింద ఇంకొకటి. దాని కింద మరొకటి.

ఆ బిళ్లలు కంపెనీవి కావు. మూడింటినీ అతనే కత్తిరించి, అతనే వేశాడు. ఒక్కోసారి వచ్చినప్పుడు ఒక్కోటి.

బయట చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చి ఆగింది. వర్క్‌షాపు యజమాని హన్మంతు పటేల్ వంగి అడిగాడు.

"ఏముందివయా కింద?"

"ఇంక చూడాలె పటేలా" అన్నాడు ఖయ్యూం. వేలికి అంటిన గ్రీజును ప్యాంటుకు తుడిచేశాడు.

మంగళవారం మధ్యాహ్నం పనివాళ్లు టైర్ల గుట్ట పక్కన టిఫిన్ డబ్బాలు విప్పారు. ఖయ్యూం, అతని అక్క కొడుకు వసీం మాత్రం తినకుండా గోడకు ఆనుకుని కూర్చున్నారు. వసీం ఎలక్ట్రికల్ పని చూస్తాడు, ముప్పై ఏళ్లుంటాయి. మాచారెడ్డి దిక్కు తండా మనిషి హరిచంద్ టైర్లు చూస్తాడు.

"శుక్రవారం హైదరాబాద్‌ల మీటింగంట మామూ" అన్నాడు వసీం. "నార్డెనోళ్లు ఇమానం దిగి వస్తున్నరంట. కిన్నెర ఉంచాల్నా తీసెయ్యాల్నా అండ్లనే తేలుస్తరంట."

కిన్నెర పటాన్‌చెరులో పుట్టిన బండి. నార్డెన్ దాన్ని కొని రెండేళ్లయింది. ఇరవై దేశాల్లో కార్లు అమ్మే కంపెనీకి నష్టాల్లో నడిచే ఈ చిన్న బండి చెప్పులో రాయి.

"సిద్దిపేట వర్క్‌షాపు మూసిండ్రు. బోధన్ గూడ నోటీసిచ్చిండ్రు" అన్నాడు హరిచంద్, రొట్టె తుంచుతూ. "మనల్నేం జేస్తరు? మన నంబరు చూడలేదా?"

అందరూ గోడ వైపు చూశారు. అక్కడ ప్రతినెలా హైదరాబాద్ నుంచి వచ్చే పట్టిక అంటించి ఉంది. వంద బండ్లకు ఎన్ని ఫిర్యాదులు కార్డు మీదికెక్కాయో ఊరివారీగా రాసి ఉంటుంది. ఎక్కువున్న ఊరు ముందు మూతపడుతుంది. సిద్దిపేట పదకొండు. బోధన్ తొమ్మిది. కామారెడ్డి సున్నా.

ఆ సున్నా ఖయ్యూం తెచ్చిందే. మొదటి పట్టిక వచ్చిన రోజు ఇదే టైర్ల గుట్ట దగ్గర అతనే అన్నాడు, "చిన్న చిన్నవి కార్డు మీద రాయకుర్రి. చెవుల వేస్కోర్రి, చేత్తోటి బాగు జేసి పంపుర్రి." అప్పటి నుంచి వాటికి చెవి కంప్లైంట్లని పేరు పడింది. బండివాళ్లకూ నచ్చింది. కార్డు తెరిస్తే కంప్యూటర్లో ఎక్కాలి, పుణె నుంచి పార్టు రావాలి, బండి రెండు రోజులు ఆగాలి. చెవి కంప్లైంటయితే అరగంటలో పని అయిపోతుంది, ఒక్క పైసా అడగరు.

"దేవీ బండిది ఏం తేలింది భాయ్?" హరిచంద్ అడిగాడు.

"రేపు హైదరాబాద్ మేడం వస్తది. చూస్తది."

"కంపెనీ మనిషి కంపెనీ తప్పని రాస్తదా ఎన్నడన్న?"

"నేను రాయిపిస్త" అన్నాడు ఖయ్యూం. తను అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది మాట. "పార్టు ఖరాబ్ది పంపింది వాళ్లు. మొఖం మీదనే అడుగుత."

సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు దేవీసింగ్ వచ్చాడు. నుదుటి మీద ప్లాస్టరు ఉంది. వెనకాల అతని భార్య మేఘి. దేవీసింగ్ ఖర్జూరం పొట్లం తెచ్చి ఖయ్యూం చేతిలో పెట్టాడు.

"గిదేంది దేవీ, గిప్పుడు గివన్ని ఎందుకు?"

"రోజా ఇడిసే టైముకు ఒట్టి చేతులతోటి ఎట్లొస్త భాయ్." ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. "ఠాణాల అడిగిండ్రు, బండికి ముందుగాల్ల ఏమన్న సప్పుడు వచ్చిందా, ఎవరికన్న చెప్పినవా అని. ఏం రాలేదన్న."

ఖయ్యూం పొట్లం విప్పడం ఆపాడు. "ఎందుకట్లన్నవు?"

"వచ్చిందంటే, ఎవడు చూసిండు అని అడుగుతరు. మూడుసార్లు నువ్వే చూస్తివి. కార్డు లేకుంట, పైసల్లేకుంట. నా మీది ప్రేమతోటి చేసినోని పేరు ఠాణాల చెప్పాల్నా నేను?"

మేఘి గుమ్మం దగ్గరే నిలబడింది. "చూడు భయ్యా" అంది. "లింగంపేటల మొన్నటిదాంక మా బండికోసం నిలవడ్డోళ్లు ఇయ్యాల మొఖాన్నే అంటున్నరు, తాగి ఆడిదాని కాలు ఇరగ్గొట్టిండని. గంగామణి చాట ఒళ్లె పెట్టుకోని కూసుంటేనే బీడీ అయితది. ఇగ కింద కూసునుడే కాదంట. ఈయనేమో ఠాణాకు పోయి నా బండి బంగారమని చెప్పొచ్చిండు."

"నీకు తెల్వది, ఊకో" అన్నాడు దేవీసింగ్.

"నాకు తెల్వది సరే. నీకేం తెల్సు? మలుపు కాడ స్టీరింగ్ గిర్రున ఉత్తగనే తిరిగిందని నాకు చెప్పినవు. ఠాణాల ఎందుకు చెప్పలే?"

మసీదు నుంచి అజాన్ వినిపించింది. ఖయ్యూం ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. గింజను అరచేతిలో ఉమ్ముకున్నాడు.

"రేపు మేడం వస్తది" అన్నాడు. "నీ మీద మాట రానియ్య. పోయి పండుకో."

హైదరాబాద్ మేడం భూమిక బుధవారం పదకొండింటికి వచ్చింది. కిన్నెర ఏరియా మేనేజరంటే కోటు వేసుకున్న మగమనిషి వస్తాడనుకున్నారు వర్క్‌షాపులో. ముప్పై ఏళ్ల అమ్మాయి ల్యాప్‌టాప్ సంచీ టేబుల్ మీద పెట్టి, చున్నీ నడుముకు బిగించి కట్టి, నేరుగా బండి కిందికి దూరింది.

ఖయ్యూం పక్కన నిలబడి మాటలు కూడదీసుకుంటున్నాడు. రాత్రంతా నేర్చుకున్న మాటలవి. ఆమె బయటికి వచ్చి అరచేయి చాపింది. మూడు రేకు బిళ్లలు.

"ఇవి ఎవరు వేశారు?"

"నేనే మేడం. వేసింది నేనే, వేసే గతి తెచ్చింది మీరు. నార్డెనోళ్లు వచ్చినంక పార్టులు సస్తాగ దొరికే దిక్కుకెల్లి కొంటున్నరు. మొదటి బండ్ల కప్పు ఏండ్లకేండ్లు అరగకుండె. ఈ మాల్ ఆర్నెల్లు గూడ ఆగుతలేదు. పార్టు మీది ఖరాబ్ది. మీకు తెల్వదంటే నమ్మ."

"తెలుసు" అంది భూమిక.

ఖయ్యూం దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి. అవన్నీ ఆమె కాదంటుందనుకుని నేర్చుకున్నవి.

"ఎనిమిది నెలల నుంచి తెలుసు." ఆమె చేతులు కడుక్కుని ల్యాప్‌టాప్ తెరిచింది. "ఈ కప్పు మార్చాలని డిసెంబర్‌లోనే రాశాను. వాళ్లకో రూలుంది. ఒక పార్టు అన్ని బండ్లకూ ఊరికే మార్చాలంటే రాష్ట్రం మొత్తం మీద ముప్పై ఫిర్యాదులు కార్డు మీదికి ఎక్కాలి. నాకు ఇరవై మూడు దొరికాయి. మిగిలిన ఏడింటి కోసం జనవరి నుంచి తిరుగుతున్నాను. జగిత్యాల వెళ్లాను, బోధన్ వెళ్లాను. సిద్దిపేట వాళ్లు మూతపడే రోజు కూడా రెండు రాసి పంపారు."

"ఈడికి రాలేదు."

"ఇక్కడ సున్నా కదా. ఎందుకొస్తాను? కామారెడ్డికి మంచి లాట్ వెళ్లిందనుకున్నా."

పైన ఫ్యాన్ ఆగిపోయింది. పదకొండున్నరకు పోయే కరెంటు ఆ రోజూ టైముకే పోయింది. షెడ్డులో సుత్తి చప్పుళ్లు కూడా ఒక్కొక్కటీ ఆగాయి.

"ఇక్కడ మొత్తం ఎన్ని బండ్లకొచ్చింది?" భూమిక గొంతు పెంచలేదు.

ఖయ్యూం ఎక్కడా రాసుకోలేదు. అతనికి బండ్లు ఊళ్లతో గుర్తుంటాయి. వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. దోమకొండ బడి సారుది. మాచారెడ్డి కిరాణా ఆయనది. తాడ్వాయిలో ఇద్దరన్నదమ్ములవి రెండు. దేవీసింగ్‌ది. ఎల్లారెడ్డి అడ్డా మీద బీమ్లాది. కుడిచేతి వేళ్లయిపోయాయి, ఎడమచేతివి అయిపోయాయి. మళ్లీ కుడిచేయి ఎత్తాడు.

"పద్నాలుగు."

ఆమె కూడలేదు. కూడాల్సిన అవసరం ఇద్దరికీ లేదు.

"ఫిబ్రవరిలోనే అన్ని బండ్లకూ మారిపోయేది" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఖయ్యూంకు కొంచెం తేలికయ్యేది.

అతను చేతులు దించి అడిగాడు. "రేపు మీ కాగితంల ఏం రాస్తరు?"

"కంప్యూటర్‌లో ఉన్నది రాస్తాను. ఈ బండి మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు. పార్టులో బయటి రేకులున్నాయి. పదకొండు మంది ఎక్కారు. చదివినవాళ్లు డ్రైవర్ తప్పనే అంటారు."

"అది నిజం కాదు గదా మేడం."

"కంప్యూటర్‌లో లేనిది నేను రాయలేను, ఖయ్యూం గారూ. అది మీరు రాయాలి. పద్నాలుగు పేర్లతో, మీ సంతకంతో."

"రాస్తే శుక్రవారం మీటింగుల?"

"ముప్పై ఏడుతో కిన్నెర నిలబడదు." ఆమె ల్యాప్‌టాప్ మూసింది. "నా ఉద్యోగమూ కిన్నెరలోనే ఉంది."

"రాయకుంటె నిలవడ్తదా?"

"ఏమో. ఇంకో ఏడాది నడవొచ్చు."

ఆ మాట సాయంత్రానికల్లా షెడ్డంతా పాకింది. ఉపవాసం విడిచాక పటేల్ తనే ఛాయ్ చెప్పించి అందరినీ కూర్చోబెట్టాడు. మంచి మనిషే. ఎప్పుడూ జీతం ఆపలేదు.

"ఖయ్యూం, నిన్ను అబద్ధం ఆడమంటలే" అన్నాడు. "ఏడుగురు ఎక్కాల్సిన బండిల పదకొండు మంది ఎక్కలేదా? ఎక్కిండ్రు. గదొక్కటి చెప్పు. ఓవర్‌లోడ్. మిగిలింది ఎవరడిగిండ్రు?"

"ఆ రోడ్డు మీద ఏడుగురితోటి పోయే బండి ఏదన్నుందా పటేలా? ఓవర్‌లోడ్‌కు గుండు ఊడదు. బరువు మోసే కమాన్ పట్టీలు ఇరుగుతయి."

"నాకు చెప్తవేంది? నాకు తెల్వదా? పన్నెండు ఇండ్ల పొయ్యి గురించి మాట్లాడుతున్న."

వసీం తల దించుకుని గ్లాసు తిప్పుతున్నాడు. "మామూ, షిరీన్‌ను ఈ జూన్లనే ఇంటర్‌ల చేర్పించిన. నీ తోటే గదా పోయి చేర్పించింది." చెల్లెలి మాట ఎత్తి ఊరుకున్నాడు.

ఖయ్యూం ఎవరి ముఖంలోకీ చూడలేదు. ఇక్కడి పనివాళ్లందరికీ పని నేర్పింది తనే. కార్డు దాచడం కూడా తనే నేర్పాడు.

అప్పటిదాకా మూలన కూర్చున్న హరిచంద్ లేచాడు. "భాయ్, ఆ పద్నాలుగుల మా బామ్మర్ది బండి గూడ ఉందంటివట. బీమ్లాది."

"ఉంది."

"ఎన్ని బిళ్లలు?"

"రెండు."

హరిచంద్ ఫోన్ తీసి అక్కడే నంబరు కలిపాడు. స్పీకర్ పెట్టాడు. అవతల జనం గోల, హారన్లు.

"బీమ్లా, బండి తియ్యకు. పక్కకు పెట్టు. అండ్ల కప్పు అరిగిందంట."

"ఎవడు చెప్పిండు నీకు?" బీమ్లా నవ్వాడు. "ఖయ్యూం భాయ్ చేత్తోటి బిగించిండు. దేవీ లెక్క తాగి నడుపుతనా నేను? పెట్టెయ్, సవారీ ఎక్కుతున్నరు."

లైను కట్టయింది. ఛాయ్ గ్లాసులు చల్లారిపోతున్నాయి.

గురువారం పొద్దున్నే ఎల్లారెడ్డి ఠాణాలో వెహికిల్ ఇన్‌స్పెక్టర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. ఒకటి భూమిక టైపు చేసింది, సగం పేజీ. రెండోది ఖయ్యూం రూళ్ల కాగితం మీద చేత్తో రాసింది, రెండు పేజీలు. అతని తెలుగు అక్షరాలు పెద్దవి, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. భూమిక గోడ దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది.

"దేవీసింగ్ మూడుసార్లు వచ్చి చప్పుడు వస్తుందని చెప్పిండు. నువ్వు రాయలేదు."

"రాయలేదు సార్."

"పార్టు పనికిరాదని నీకు తెల్సు."

"తెల్సు సార్. కొత్త మాల్ వచ్చేదాంక ఆగుతదనుకున్న."

ఇన్‌స్పెక్టర్ కళ్లద్దాలు తీశాడు. "ఇది తీసుకుంటే డ్రైవర్ బయటపడతడు. కేసు నీ దిక్కు తిరుగుతది. కంపెనీ లాయర్లు నీ పేరే ముందు పెడతరు. తెల్సా?"

"రాసేటప్పుడే తెల్సు సార్."

భూమిక బెంచీ మీది నుంచి లేచింది. "ఆ కాగితానికి నా రిపోర్టు నంబరు వేసి జతచేయండి సార్" అంది. "హైదరాబాద్‌కు రెండూ కలిపే పంపుతాను." ఖయ్యూం వైపు చూడకుండా పెన్ను తీసి రెండు పేజీల అడుగునా సంతకం పెట్టింది.

దేవీసింగ్, మేఘి ఠాణా మెట్ల మీద కూర్చుని ఉన్నారు. లోపలి మాటలన్నీ కిటికీలోంచి వినిపించాయి. ఖయ్యూం బయటికి రాగానే దేవీసింగ్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ కలిపే చేయి కలపలేదు.

"రెండోసారి వచ్చిన్నాడే తెల్సా నీకు?"

"తెల్సు."

"మూడోసారి నా పిల్లలు గూడ ఉండె బండిల. మీ ఇంటికి తోల్కపోయి సయీదా భాభీ తోటి సేమియా పెట్టిపిస్తివి."

ఖయ్యూం భుజానికున్న సంచీని సర్దుకున్నాడు.

"నా మీది ప్రేమ అనుకున్న" అన్నాడు దేవీసింగ్. "నంబరు కోసమా భాయ్?"

"నంబరు కోసమే. మా పన్నెండు మంది కోసం. నువ్వు గూడ యాదికుంటివి దేవీ, కాని ముందు నంబరే."

మేఘి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవీసింగ్ రోడ్డు వైపు తిరిగాడు. నుదుటి మీద ప్లాస్టరు చెమటకు ఒక మూల ఊడింది. దాన్ని వేలితో నొక్కిపెట్టుకున్నాడు.

"గంగామణి నిజామాబాద్ దవాఖానల ఉంది" అన్నాడు. "నేను చెయ్యలేదని నిన్న పోయి చెప్పిన. మొఖం అటు తిప్పుకుంది. నువ్వు పోయి చెప్పు. నేను మల్ల చెప్ప."

"పోత."

దేవీసింగ్ మెట్లు దిగి మేఘి వెంట బస్టాండు వైపు నడిచాడు. వెనక్కి చూడలేదు.

భూమిక కారు దగ్గర నిలబడి ఉంది. "కామారెడ్డిలో దింపుతాను రండి" అంది.

"ఈడ్నే ఒక పనుంది మేడం."

అడ్డా ఠాణాకు ఎంతో దూరం లేదు. బీమ్లా బండి అప్పటికే నిండింది. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో నలుగురు, వెనక నలుగురు. టాపు మీద రెండు మొక్కజొన్న సంచులు. బీమ్లా తలుపు పట్టుకుని ఇంకొకరి కోసం అరుస్తున్నాడు.

"లింగంపేట, తాడ్వాయి, కామారెడ్డి... ఓ ఖయ్యూం భాయ్, నువ్వేంది ఈడ? ఎక్కు, నీకు ముందు సీటు ఇప్పిస్త."

"అందర్ని దింపు బీమ్లా."

"పొద్దున పొద్దున్నే గిదేం పరాచికం?"

ఖయ్యూం లుంగీ ఎగగట్టిన రైతును పక్కకు జరగమని, ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. టైరును రెండు చేతులా పట్టుకుని ఎడమకూ కుడికీ గట్టిగా ఊపాడు. లోపలి నుంచి టక్కుమంది. మళ్లీ ఊపాడు. మళ్లీ టక్కుమంది. ముందు సీట్లో ఉన్న ముసలామె తొంగి చూసింది.

"గిదెన్ని దినాల సంది వస్తుంది?"

"వారం అయితుంది. నువ్వే గదా బిగిస్తివి?"

"నేను బిగించలేదు. సప్పుడు బంద్ జేసిన, అంతే. దేవీ తాగలేదు బీమ్లా. వాని బండికి గూడ గిదే ఊడింది."

బీమ్లా ముఖంలో నవ్వు ఉన్నట్టే ఉండి మెల్లగా పోయింది. ముసలామె ఎవరూ చెప్పకముందే తలుపు తీసుకుని దిగింది. "దిగుర్రి అవ్వా, దిగుర్రి" అని వెనకవాళ్లను పిలిచింది. ఒక్కొక్కరే దిగారు. వెనక సీటు రైతు సంచులు దించుకుంటూ, బస్సు కూడా వెళ్లిపోయిందని సణిగాడు.

ఖయ్యూం సంచీలోంచి కంపెనీ కార్డుల పుస్తకం తీశాడు. రెండేళ్లుగా ఫిర్యాదుల గడి ఖాళీగా వదిలేసిన పుస్తకం. బానెట్ మీద పరిచి, బండి నంబరు రాశాడు, ఊరు రాశాడు.

"హరిచంద్ బావ చెప్పిండు" అన్నాడు బీమ్లా నెమ్మదిగా. "గిది రాస్తే మీ కంపెనీ మూతపడ్తదంట గదా. మీరందరు రోడ్డు మీద పడ్తరంట."

"పడ్తం. ఇంక పన్నెండు బండ్లున్నయి, చీకటి పడకముందు తాడ్వాయన్న పోవాలె." ఖయ్యూం పెన్ను గడి మీద ఆనించి తలెత్తాడు. "సప్పుడు ఎప్పుడొస్తది, ఎట్లొస్తది? నోటితోటి చెప్పు. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్త."

దిగినవాళ్లంతా చుట్టూ చేరారు. బీమ్లా ఒకసారి వాళ్ల వైపు, ఒకసారి తన బండి వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.